నూలు కొనేటప్పుడు తూకం ఒక్కటే చాలదు

యలమంచిలి: ఈ మండలంలోని ఏటికొప్పాకలో పసుపు, నీలి, జాఫ్రా గింజల నుంచి రంగులు తీసే పనివారున్నారు. వాటిని లక్కలో కలిపి అంకుడు కర్ర బొమ్మలకు పట్టించడం వారి విద్య. అటువంటి చెట్ల రంగులు అద్దదగ్గ సన్నని చేతి నూలు కావాలంటే మాత్రం ఇదే రైలు మార్గంలో శ్రీకాకుళం జిల్లా పొందూరు వెళ్లవలసిందే.

అక్కడ రైతులు పండించిన కొండపత్తిని, పునాస పత్తిని, ఎర్రపత్తిని ఆడవారు వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి శుభ్రం చేస్తారు. గింజ తీసి, ఏకి, ఒంటి కదురు రాట్నం మీద వడుకుతారు. ఆ నూలును ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం తీసుకుని నేతగాళ్లకు ఇస్తుంది.

నూరో నంబరు నూలంటే 840 గజాల చిలపలు నూరు కలిపి ఒక పౌను తూగాలి. అంటే పౌనుకు 84,000 గజాల దారం! నలభయ్యో నంబరైతే అదే బరువుకు 33,600 గజాలే. కేవలం తూకం మీద బేరమాడితే సన్నగా వడికిన మనిషికే నష్టం. నంబరును బట్టి, చిలపల లెక్కన ధర కట్టడమే న్యాయం. ఇప్పటికే వడికేవారిలో ఎక్కువమంది వయసు మళ్లినవారు. కూలి గిట్టక కూతుళ్లు, కోడళ్లు రాట్నం జోలికి రావడం లేదు.

ఇక రంగు మాట. ఎర్రపత్తి దారానికి అద్దకం లేకుండానే లేత ఛాయ ఉంటుంది. తెల్ల నూలును కరక్కాయ కషాయంలో, పటిక నీటిలో నానబెట్టాకే చాలా చెట్ల రంగులు గట్టిగా పడతాయి. ముందు ఒక్క చిలపకు రంగు వేయించి, ఉతికి, ఎండలో ఆరేసి చూసుకున్నాకే మిగతా నూలు అద్దకానికి ఇవ్వడం మేలు.