మాటలకు ఆవర్జా

గంటసేపు సాగిన ఇంటర్వ్యూను పొల్లుపోకుండా రాతలో పెడితే ఇరవై ముప్పై పేజీలవుతుంది. నలభై మందితో మాట్లాడి వచ్చిన పరిశోధకుడి బల్ల మీద వెయ్యి పేజీలు పేరుకుంటాయి. టేపు రికార్డరు అందరికీ అందుబాటులోకి వచ్చాక సామాజిక శాస్త్రాలకు వచ్చిపడిన కష్టం ఇది. జనం చెప్పినదంతా చేతికొచ్చింది, దాన్ని ఏం చేసుకోవాలో తెలియలేదు. శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతపు ఆస్పత్రుల్లో మరణం దగ్గరపడిన రోగుల చుట్టూ ఎవరికి ఏం తెలుసు, ఎవరు ఏం దాస్తారు అని పరిశీలించిన బార్నీ గ్లేజర్, ఆన్సెల్మ్ స్ట్రాస్ 1967లో ఒక దారి చూపించారు. సిద్ధాంతం ముందే చంకన పెట్టుకుని సాక్ష్యాలు వెతక్కండి, ఒక ఘటనను మరో ఘటన పక్కన పెట్టి పోలుస్తూ సమాచారంలోంచే సిద్ధాంతాన్ని కట్టుకుంటూ రండి అన్నారు. చెప్పినంత తేలిక కాదు. పోల్చాలంటే పోల్చదగ్గ ముక్కలు ముందు ఒకచోటికి రావాలి. అందుకు కార్బన్ కాపీలు తీశారు, కాగితాలు కత్తిరించారు, ఫైళ్లలో వేశారు. కొందరు అట్టముక్కల అంచులకు చిల్లులు పెట్టి, ఒక్కో అంశానికి ఒక్కో చిల్లును అంచు దాకా కోసి, కట్టలోంచి సన్నటి ఊచ దూర్చి పైకెత్తేవారు. కోసిన అట్టలు కింద రాలేవి, మిగతావి ఊచను పట్టుకుని ఉండేవి. తెలివైన పద్ధతే. కానీ కత్తెర పడిన మాటకు ఒక నష్టం తప్పదు. అది ఎవరన్నారు, ఏ ప్రశ్నకు జవాబుగా అన్నారు, అనే ముందు ఏం చెప్పబోయి ఆగిపోయారు అనేవన్నీ ఆ కాగితం ముక్కకు దూరమైపోతాయి.

ఇంటర్వ్యూల విశ్లేషణకు సాఫ్ట్‌వేర్ పుట్టింది ఈ నష్టాన్ని పూడ్చడానికి. దాని గొప్ప వేగంలో ఉందని అమ్మేవాళ్లు అంటారు, దాని చేటు కూడా వేగంలోనే ఉందని తిట్టేవాళ్లు అంటారు. దాని చరిత్ర చూస్తే రెండు మాటలూ గురి తప్పినట్టే అనిపిస్తుంది.

ముందు అసలు పని ఏమిటో చూడాలి. అనంతపురం వైపు ఎండిపోయిన బోర్ల గురించి అడిగితే ఒక రైతు, ‘మూడో బోరూ ఫెయిలయ్యాక మా బామ్మర్ది ముందు తలెత్తుకోలేకపోయా’ అన్నాడనుకుందాం. ఈ వాక్యానికి పరిశోధకుడు మూడు గుర్తులు పెట్టవచ్చు: ‘నీటి వేట’, ‘బంధువుల దగ్గర అప్పు’, ‘పరువు’. ఈ గుర్తునే కోడ్ అంటారు. వాక్యంలో అప్పు అన్న మాటే లేదు, పరువు అన్న మాటా లేదు. బామ్మర్ది ముందు తల దించుకోవడమంటే ఏమిటో తెలిసిన మనిషి మాత్రమే ఆ గుర్తులు పెట్టగలడు. మాటల వెతుకులాటకూ కోడింగ్‌కూ తేడా ఇక్కడే. 1960ల్లోనే హార్వర్డ్‌లో ఫిలిప్ స్టోన్ బృందం ‘జనరల్ ఇన్‌క్వైరర్’ అనే ప్రోగ్రాం తయారుచేసింది. నిఘంటువు ఆధారంగా మాటల్ని వర్గాలుగా విడగొట్టి లెక్కపెట్టేది. వార్తలకూ ఉపన్యాసాలకూ అది పనికొచ్చింది. మన రైతు వాక్యం దాని వలకు చిక్కదు. పైగా తెలుగులో మాటే రూపం మార్చుకుంటుంది. ‘నీళ్లు’ అని వెతికితే ‘నీటికి’ దొరకదు, ‘ఊరు’ అని వెతికితే ‘ఊళ్లో’ దొరకదు.

1981లో ఆస్ట్రేలియాలోని లా ట్రోబ్ విశ్వవిద్యాలయంలో కోడింగ్ సాఫ్ట్‌వేర్ అనే ఈ యంత్రం జీవితంలో ముఖ్యమైన ఘట్టం జరిగింది. లిన్ రిచర్డ్స్ సామాజిక శాస్త్రవేత్త. మెల్‌బోర్న్ శివార్లలో కొత్తగా వెలిసిన ఒక కాలనీలో కుటుంబాల గురించి ఏళ్ల తరబడి సమాచారం సేకరిస్తోంది. ఆమె భర్త టామ్ రిచర్డ్స్ తర్కశాస్త్రం నుంచి కంప్యూటర్ల వైపు వచ్చినవాడు. పేరుకుపోయిన కాగితాల కోసం అతను రాసిన ప్రోగ్రాం పేరు నూడిస్ట్. అంకెలు కాని, ఒక అచ్చులో ఒదగని సమాచారానికి సూచిక తయారుచేసి, వెతికి, సిద్ధాంతం కట్టే సాధనమని దాని పొడవాటి ఇంగ్లిషు పేరు. మొదటి అక్షరాలు కలిపితే దిగంబరులని అర్థం వచ్చేలా కావాలనే కూర్చారు. (సామాజిక శాస్త్రంలో ఇంత చిలిపితనం తరచూ దొరకదు.) పేరు సంగతి ఎలా ఉన్నా, లోపలి ఏర్పాటు చాలా గంభీరమైనది. ఒక పక్క ఇంటర్వ్యూల పాఠం చెక్కుచెదరకుండా ఉంటుంది. ఇంకో పక్క కొమ్మలు రెమ్మలుగా విస్తరించే సూచిక ఉంటుంది. కోడ్ అంటే పాఠంలోని ఫలానా చోటును చూపించే గురి మాత్రమే. కాబట్టి ఒకే వాక్యం ఎన్ని కోడ్‌ల కిందికైనా వస్తుంది, ఏదీ కత్తిరించనక్కర్లేదు. రిచర్డ్స్ దంపతులు ఇంకో అడుగు వేశారు. ‘పరువు’, ‘బంధువుల దగ్గర అప్పు’ రెండూ కలిసే చోట్లు ఆడవాళ్ల ఇంటర్వ్యూల్లో ఎక్కడున్నాయని అడిగితే వచ్చే జవాబును అక్కడితో వదిలేయకుండా కొత్త కోడ్‌గా సూచికలోనే నిలపవచ్చు, మళ్లీ దాన్నే ప్రశ్నించవచ్చు. అంటే అనుమానం నుంచి అనుమానానికి నడిచిన తోవ కూడా యంత్రంలో నమోదవుతుంది. నా దృష్టిలో వాళ్లు కనిపెట్టిన వాటిలో అతి విలువైనది ఇదే. వాడేవాళ్లలో ఎక్కువమంది పట్టించుకోనిది కూడా ఇదే.

మిగతా చోట్లా ఇదే అవసరం ఇలాంటి యంత్రాల్నే పుట్టించింది. 1980ల్లో అమెరికాలో జాన్ సైడెల్ ‘ఎత్నోగ్రాఫ్’ రాశాడు. అది ప్రతి పంక్తికీ నంబరు వేసేది. జనం కాగితం మీద కోడింగ్ చేసుకుని, ఆ నంబర్లను తర్వాత యంత్రానికి ఎక్కించేవారు. జర్మనీలో 1989లో ఊడో కుకార్ట్స్ ‘మ్యాక్స్’ తెచ్చాడు, నేటి మ్యాక్స్‌క్యూడీఏకు మూలం అదే. బెర్లిన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో మొదలైన పరిశోధన నుంచి థామస్ మూర్ చేతిలో 1993లో అట్లాస్.టీఐ మార్కెట్‌కొచ్చింది. 1999లో నూడిస్ట్ వారసుడిగా ఎన్‌వివో వచ్చింది. అప్పటికి ఇంగ్లండ్‌లోని సర్రే విశ్వవిద్యాలయంలో నైజెల్ ఫీల్డింగ్, రే లీ ఈ సాధనాలు వాడేవాళ్ల కోసం ఒక కేంద్రమే నడుపుతున్నారు.

ఇన్ని చోట్ల ఇందరు విడివిడిగా రాసినా అన్నింట్లోనూ ఒకే గుణం కనబడుతుంది. కోడ్ నుంచి అసలు వాక్యం దగ్గరికి తీసుకెళ్తాయి, ఆ వాక్యానికి ముందూ వెనకా ఏముందో చూపిస్తాయి. మన షావుకార్ల లెక్కల్లో ఆవర్జా పద్దు మీద అనుమానమొస్తే చిట్టాలో ఆ తేదీకి వెళ్లి చూసుకున్నట్టు, ‘రైతులకు అప్పు కంటే అవమానమే ఎక్కువ బాధ’ అని పరిశోధకుడు రాస్తే ఆ మాట ఎవరి నోటి నుంచి ఎన్ని చోట్ల వచ్చిందో, ఎవరు కాదన్నారో యంత్రంలో చూసుకోవచ్చు. కాదన్నవాళ్లు దొరకడం మరీ ముఖ్యం. కత్తెర కాలంలో తన వాదానికి నప్పే నాలుగు ఉదాహరణలు ఏరుకుని, నప్పని నలభైని ఫైల్లోనే వదిలేసినా అడిగే దిక్కు లేదు, చాలాసార్లు తనకే తెలిసేది కాదు. సూచిక ఉన్నాక ఆ నలభై కూడా అదే తెర మీదికి వస్తాయి. గుణాత్మక పరిశోధనను కథలు చెప్పడంతో సమానం చేసి కొట్టిపారేసేవాళ్లకు ఇవ్వగలిగిన గట్టి జవాబు ఇది. అయితే తెలుగువాళ్ల ఇంటర్వ్యూలను ముందు ఇంగ్లిషులోకి మార్చి, ఆ అనువాదం మీదే కోడింగ్ చేసేవాళ్లకు ఈ లాభం సగమే దక్కుతుంది. వెనక్కి వెళ్లి చూస్తే దొరికేది అనువాదకుడి మాట, రైతు మాట కాదు. నేటి సాఫ్ట్‌వేర్లు తెలుగు లిపిని తీసుకుంటాయి, ఆడియోను కూడా పాఠంతో ముడివేసి ఉంచుతాయి కాబట్టి ఆ కొరతకు ఇప్పుడు సాకు లేదు.

అభ్యంతరాలు చిన్నవేం కావు. 1996లో అమాండా కాఫీ, పాల్ అట్కిన్సన్ తదితరులు ఒక హెచ్చరిక చేశారు. ఈ సాఫ్ట్‌వేర్లు అందరినీ కోడింగ్ అనే ఒకే మూసలోకి, అదీ సమాచారంలోంచే సిద్ధాంతం కట్టే గ్లేజర్, స్ట్రాస్‌ల గ్రౌండెడ్ థియరీ వైపు నెడుతున్నాయని, కథనంగా చదవాల్సిన వాటిని ముక్కలు చేస్తున్నాయని అన్నారు. సాఫ్ట్‌వేర్ వాడిన అధ్యయనాల్లో చాలావాటికి ఆ సిద్ధాంతంతో సంబంధమే లేదని లీ, ఫీల్డింగ్ ప్రచురణలు వెతికి జవాబిచ్చారు. ఆ జవాబు సగం దాకే సరిపోతుంది. పద్ధతి పేరు వేరైనా, తెరిచిన వెంటనే కనిపించే బొత్తాము కోడింగ్‌దే అయినప్పుడు చేయి అటే పోతుంది. ఒక ముసలామె తన జీవితాన్ని చెప్పుకొచ్చిన తీరును, ఎక్కడ మొదలెట్టి దేన్ని దాటేసిందో ఆ క్రమాన్ని అర్థం చేసుకోవాలంటే కోడ్‌ల పట్టిక అడ్డమే. అలాంటి పనికి ఈ యంత్రాన్ని వాడకపోవడమే మేలు. ఇంకా పదునైన విమర్శ 1991లోనే వచ్చింది. చేసినవాడు ఎత్నోగ్రాఫ్ సృష్టికర్త సైడెలే. సమాచారపు రాశి మీద మోజు పెరుగుతుందని, కోడ్‌నే నిజమైన వస్తువుగా భ్రమిస్తారని, చివరికి మనుషుల మాటలకు దూరమవుతారని తన సాధనం లాంటి వాటి గురించి తనే రాశాడు. యంత్రం కట్టినవాడే దాని రోగాలు చెప్పిన ఘట్టాలు విజ్ఞాన చరిత్రలో అరుదు. కానీ ఆ మూడు రోగాలకూ మందు అదే యంత్రంలో ఉంది: ప్రతి కోడ్ నుంచీ మూలానికి వెళ్లే దారి. రోగం ముదిరేది ఆ దారిన నడవనివాళ్లకే.

నడుస్తున్నారా అన్నది వేరే ప్రశ్న. అట్లాస్.టీఐ, ఎన్‌వివో వాడినట్టు చెప్పుకున్న 763 వ్యాసాలను, 1994 నుంచి 2013 దాకా వచ్చినవి, మేగన్ వుడ్స్ బృందం పరిశీలించి 2016లో ప్రచురించింది. సాఫ్ట్‌వేర్ వాడకం ఎక్కువగా సమాచారాన్ని సర్దుకోవడానికీ విశ్లేషించడానికీ పరిమితమైంది. పరిశోధన నడిచిన తీరును పాఠకుడి ముందు పరచడానికి దాన్ని వాడినవాళ్లు తక్కువ. ‘ఎన్‌వివోతో విశ్లేషించాం’ అన్న ఒక్క వాక్యం రాసి గౌరవం కొనుక్కోవడం మన విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాలకూ కొత్త కాదు. సాఫ్ట్‌వేర్ విశ్లేషించదు. ఆ వాక్యం రాసినవాళ్లు తాము చేసిన నిర్ణయాలను యంత్రం ఖాతాలో వేసి తప్పుకుంటున్నారు.

2023లో అట్లాస్.టీఐ పెద్ద భాషా నమూనాల సాయంతో దానంతటదే కోడింగ్ చేసే ఏర్పాటు తెచ్చింది. పోటీదార్లూ కృత్రిమ మేధ బాట పట్టారు. నెలల పని నిమిషాల్లోకి దిగింది, మనిషికి అలసటతో తప్పిపోయే చోట్లు యంత్రానికి తప్పవు అని సమర్థకులు అంటారు. ఆ రెండో మాట నిజమే కావచ్చు. మరిచిపోయిన వాక్యాలను గుర్తుచేసే సహాయకుడిగా అది పనికొస్తుంది. బామ్మర్ది వాక్యంలో పరువును కూడా పసిగట్టవచ్చు, అది చేయలేదని పందెం కాయడం తెలివి కాదు. చిక్కు అక్కడ లేదు. ఈ సాఫ్ట్‌వేర్లు ప్రతి కోడ్ ఎప్పుడు పుట్టిందో, ఎవరు పెట్టారో రాసుకుంటాయి, దాని పక్కన కారణం రాయడానికి చోటిస్తాయి. మనిషి చేసిన ప్రాజెక్టులో కోడ్‌ల తేదీలు నెలల పొడవునా చెదిరి ఉంటాయి. రెండు కోడ్‌లు ఒకటైన రోజు, ఒకటి చీలి రెండైన రోజు, ఎందుకలా చేశారో వివరించే నోట్సు అన్నీ ఉంటాయి. కృత్రిమ మేధ చేసినదాన్లో వందల కోడ్‌లకు ఒకే నిమిషం ముద్ర పడి, వివరణ గడి ఖాళీగా ఉంటే, పరీక్షకుడు దాని గురించి ఏ ప్రశ్న వేసినా పరిశోధకుడి దగ్గర జవాబుండదు. అడగడానికి మాత్రం పరీక్షకుడికి పూర్తి హక్కుంది, ఆ ప్రాజెక్టు ఫైలు తెప్పించుకుని చూడడానికి కూడా. తన దగ్గర అదే సాఫ్ట్‌వేర్ లేదన్న అడ్డంకీ లేదు, ఒక సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టును మరొకదానిలో తెరవడానికి 2019 నుంచి రెఫీ-క్యూడీఏ అనే ఉమ్మడి ప్రమాణం ఉంది. మన వైవాల్లో ఇప్పటిదాకా అడుగుతున్నది ఎంతమందిని ఇంటర్వ్యూ చేశావనే.