పరిశోధన దత్తాంశ భాండాగారము : ప్రకటనకు పూర్వపరీక్ష

సికింద్రాబాదునందలి ఏ.ఎస్. రావు నగర్ ఒక శాస్త్రజ్ఞుని పేర వెలసిన కాలనీ. ఆ అయ్యగారి సాంబశివరావుగారు 1967లో స్థాపితమైన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియాకు మూలపురుషులు. ట్రాంబేలో రూపకల్పన పొందిన టీడీసీ గణకయంత్రములను తయారుచేసి దేశమునకు అందించినది ఆ సంస్థయే. గణకయంత్రముల పుట్టుకతో ఇట్లు ముడిపడిన ఈ ప్రాంతమును తలచినపుడు ఒక ప్రశ్న తోచును. పరిశోధకుడు సేకరించిన సామగ్రిని యంత్రమున భద్రపరచుచున్నాము. దాని ప్రామాణ్యమునకు పూచీ ఎవరిది? ఈ ప్రశ్న భాషాపరిశోధకులకును సంబంధించినదే.

ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశ ప్రథమసంపుటము వ్యవసాయపదములకు సంబంధించినది. అట్టి కృషిలో పదమెంత ముఖ్యమో, ఆ పదము విన్న ఊరును అంత ముఖ్యము. ఊరు తెలియని మాండలికపదము ఆధారముగా నిలువదు.

జంటనగరములకు పడమట, పటాన్‌చెరువులో 1972లో ఏర్పడిన ఇక్రిసాట్ సంస్థ చరిత్రయు ఈ విషయమునే తెలుపుచున్నది. 1975లో ఆ సంస్థ ఆరు గ్రామములలో, గ్రామమునకు నలుబది కుటుంబముల చొప్పున, జీవనస్థితుల పరిశీలన ఆరంభించెను. వానిలో ఔరేపల్లి, దోకూరు ఆనాటి పాలమూరు జిల్లాలోనివి. ప్రతి అంకెయు ఏ గ్రామమునకు, ఏ కుటుంబమునకు, ఏ కాలమునకు చెందినదో తెలియుచుండుటచేతనే, ఆనాటి సేకరణము పిమ్మటి తరముల పరిశోధకులకును ఉపయోగపడుచున్నది. తన దత్తాంశమును లోకమునకు అందించుటకు ఇక్రిసాట్ వాడిన భాండాగార కార్యక్రమము డేటావర్స్. ఇది హార్వర్డు విశ్వవిద్యాలయమున 2006లో ఆరంభమైనది. ఎవరైనను ఉచితముగా స్థాపించుకొనదగినది.

డేటావర్సునందు దత్తాంశసంచయము మొదట చిత్తుప్రతిగా నుండును, సమీక్షానంతరము ప్రకటింపబడును. ప్రకటింపబడిన సంచయమునకు శాశ్వతసంకేతమైన డీఓఐ లోకమున చెల్లుబడియగును. తరువాత దోషము కనబడినచో సవరించి కొత్త కూర్పును వెలువరింపవచ్చును. లేదా దానిని వాడుకనుండి తొలగింపవచ్చును. కాని తొలగించినను దాని గుర్తుపుట నిలిచియుండును. కనుక పరీక్ష ప్రకటనకు ముందే జరుగవలెను.

ఇందులకై డేటావర్సులో పనివరుస అను ఏర్పాటు కలదు. ప్రధాన కార్యక్రమమును మార్చకయే దానికి మన పరీక్షకమును అనుబంధముగా, అనగా ప్లగిన్ వలె, తగిలింపవచ్చును. స్థాపనాక్రమ మిది.

మొదట నియమములను కాగితముపై నిర్ణయించుకొనవలెను. ఊరు, జిల్లా, సేకరించిన తేదీ, వృత్తి : ఈ నాలుగింటిలో ఏది లేకున్నను ప్రకటన ఆగవలెనని ఒక శాఖ నిర్ణయింపవచ్చును.

రెండవది, పనివరుసను జేసన్ రూపమున వ్రాయుట. ఇందు అంచెలు వరుసగా పేర్కొనబడును. హెచ్‌టీటీపీ/ఎస్సార్ అను అంచె బయటి పరీక్షకమునకు వార్త పంపి, ప్రత్యుత్తరము వచ్చువరకు వేచియుండును. అంతవరకు సంచయమునకు తాళము పడియుండును.

మూడవది, నిర్వాహకుడు ఆ పనివరుసను నమోదు చేసి, ప్రకటనకు పూర్వము నడువవలసినదిగా నిర్దేశించుట. పొరపాటున ప్రకటనానంతరము నడుచునట్లు నిర్దేశించినచో, దొంగలు పడిన ఆరునెలలకు కుక్కలు మొరిగినట్లగును. ఈ నిర్దేశము స్థాపనయందలి సంచయములన్నిటికిని వర్తించునని మరువరాదు. తెలుగు శాఖవారి నియమము భౌతికశాస్త్రమువారి సంచయమును అడ్డగింపకుండ, పరీక్షకము ముందుగా సంచయ మే శాఖదో చూడవలెను.

నాల్గవది, ప్రత్యుత్తరము పంపు యంత్రముల ఐపీ చిరునామాలను అనుమతించుట. ఏ మార్పును చేయనిచో డేటావర్స్ తానున్న యంత్రమునుండి వచ్చిన ప్రత్యుత్తరమునే అంగీకరించును. పరీక్షకము వేరు యంత్రముననుండి, దాని చిరునామా చేర్పకపోయినచో, పరీక్ష సక్రమముగా ముగిసినను తాళము వీడదు. పరీక్ష విఫలమైనచో జరిగిన అంచెలు వెనుకనుండి ముందునకు రద్దగును. సంచయము చిత్తుప్రతిగానే మిగులును.

ఏర్పాటు ముగిసిన పిదప మూడు ప్రయోగములు చేయుట మేలు : సర్వము సరిగానున్న సంచయము నొకటి, ఊరి పేరు లేని దొకటి పంపి చూచుట, పరీక్షకమును ఆపివేసి మరియొకటి పంపుట. మూడవ ప్రయోగమునందు తాళమెట్లు తీయవలెనో నిర్వాహకునకు ముందే తెలిసియుండవలెను.

ఇంత చేసినను యంత్రమునకు పరిమితి కలదు. ఊరి గడిలో ‘తెలంగాణ’ అని వ్రాసినచో, గడి నిండినదనియే సాధారణ పరీక్షకము తలచును. అది ఊరి పేరు కాదని సమీక్షకుడు గుర్తింపవలెను. పదము చెప్పిన వక్త పేరును, చిరునామాను లోకమునకు వెల్లడింపవచ్చునా అను ప్రశ్నయు అట్టిదే. ఆ వక్త నమ్మి చెప్పినది పరిశోధకునకే గాని యంత్రమునకు గాదు.

కావున అనుబంధ కార్యక్రమము సమీక్షకునకు బదులు కాదు. అతని కన్ను గడులను లెక్కించుటలో అలసిపోకుండ కాపాడు సాధనము. లోపములను యంత్రము ఏరిపెట్టును. యోగ్యతను మనుష్యుడు నిర్ణయించును. ఈ విభజనను ముందుగా కాగితముపై స్పష్టపరచుకొనిన శాఖకు తక్కిన స్థాపన కష్టసాధ్యము కాదు.