జెండా పాటకు ముందే జరిగిపోయే పాట

ఏనుమాముల యార్డులో ‘జెండా పాట’ అని ఒకటుంది. పొద్దున్నే వ్యాపారులు గుంపుగా వచ్చి ఒక మంచి రాశి దగ్గర నిలబడి ఆ రోజు గరిష్ఠ ధర పాడతారు. మర్నాడు పేపర్లో పడేది ఆ ధరే. మిగతా బస్తాల దగ్గరకొచ్చేసరికి తేమ ఉందంటారు, పింజ పొట్టిదంటారు, రంగు మారిందంటారు. వంద తగ్గించి, అయిదు వందలు తగ్గించి చిట్టీ రాస్తారు. ఈ సంగతి వరంగల్ రైతుకు కొత్తగా చెప్పనక్కర్లేదు. చెప్పవలసింది వేరే ఉంది. ఆ జెండా లేచే వేళకే ఇంకో పాట అయిపోయి ఉంటుంది. అది న్యూయార్క్ వాయిదా బజారులో జరిగే పాట. పత్తి చెట్టును ఎన్నడూ చూడని వాళ్లు, పౌను దూదికి ఇన్ని సెంట్లని అక్కడ పాడతారు. జిన్నింగ్ మిల్లు సేటు పొద్దున లేచి సెల్‌ఫోన్‌లో చూసుకునేది ఆ అంకెనే. అడ్తిదారుకు సేటు చెప్తాడు, రైతుకు అడ్తిదారు చెప్తాడు. ‘ఏందన్నా, గింత తక్కువ?’ అని అడిగితే ‘బయట రేటు లేదు’ అంటాడు. ఆ ‘బయట’ ఎంత దూరమో యార్డులో ఎవరూ విప్పి చెప్పరు.

పరకాల చేనులో ఏరిన పత్తి జిన్నింగ్ మిల్లులో గింజ విడిపోయి 170 కిలోల బేలు అవుతుంది. ఆ బేలు తమిళనాడు స్పిన్నింగ్ మిల్లుకు పోవచ్చు, సరిహద్దు దాటి బంగ్లాదేశ్ పోవచ్చు. మన పచ్చి పత్తిని బయటి దేశాల్లో ఎక్కువగా కొనేది బంగ్లాదేశే. అక్కడ నూలై, గుడ్డై, అంగీ అయి అమెరికా, యూరప్ దుకాణాలకు చేరుతుంది. ఈ మొత్తానికి వ్యాపార కళాశాలల్లో ‘సరఫరా గొలుసు’ అని పేరు పెట్టారు. దాన్ని నడపడం ఒక పెద్ద విద్య అని పాఠాలు చెప్తారు. ఆ విద్యలో మొదటి సూత్రం మనకు తెలిసిందే: నష్టం వచ్చినప్పుడు నీ కింది వాడి మీదికి తోసెయ్. దుకాణం కంపెనీ గోదాములో సరుకు నిలవ పెట్టుకోదు, ఆర్డరు రద్దు చేస్తుంది. కుట్టు ఫ్యాక్టరీ యజమాని కూలీలను తీసేస్తాడు. స్పిన్నింగ్ మిల్లు కొనడం ఆపేస్తుంది. జిన్నింగ్ సేటు ధర కోస్తాడు. రైతు ఎవరి మీదికి తోయాలి? పత్తి ఏరే ఆడకూలీ మీదికి. ఆమె కింద ఇక నేలే.

2020 మార్చి, ఏప్రిల్‌లో కరోనా వచ్చినప్పుడు ఈ సూత్రం కళ్లకు కట్టింది. పెద్ద పెద్ద విదేశీ బ్రాండ్లు, అప్పటికే కుట్టి సిద్ధమైన బట్టల ఆర్డర్లు కూడా రద్దు చేశాయి. ఒక్క బంగ్లాదేశ్‌లోనే వందల కోట్ల డాలర్ల సరుకు నిలిచిపోయింది, లక్షల మంది కూలీలు రోడ్డున పడ్డారు. అంతకు ఏడేళ్ల ముందు, 2013 ఏప్రిల్ 24న, ఢాకా దగ్గర సావార్‌లో రాణా ప్లాజా కూలి 1,100 మందికి పైగా చనిపోయారు. గోడలకు పగుళ్లు వచ్చాయని ముందు రోజే తెలుసు. అయినా పనిలోకి రమ్మన్నారు. సరుకు గడువుకు పంపాలి మరి! మన పత్తితో అంగీ కుట్టే చెల్లెళ్ల బతుకు అది. వాళ్లు మనకు పోటీదారులు కారు, ఒకే గొలుసులో కట్టేసిన వాళ్లం.

ఇక ఈ గొలుసుకు మన దేశపు సరిహద్దు దగ్గర రెండు గేట్లున్నాయి. ఒకటి ఎగుమతి గేటు, రెండోది దిగుమతి గేటు. వీటిని ఎప్పుడు తెరుస్తారో, ఎప్పుడు మూస్తారో వరుసగా చూస్తే చాలు, తాళంచెవి ఎవరి మొలకు వేలాడుతున్నదో తెలిసిపోతుంది.

2010లో ప్రపంచ మార్కెట్‌లో పత్తి ధర లేస్తున్నది. ఆ ఏప్రిల్‌లో కేంద్రం ఎగుమతులను నిలిపేసింది. మిల్లులకు పత్తి కావాలన్నారు. 2012 మార్చి 5న మళ్లీ నిషేధం. పత్తి రాష్ట్రాల్లో గగ్గోలు పుట్టాక వారం రోజులకు సడలించారు. 2021 ఫిబ్రవరి బడ్జెట్‌లో దిగుమతి పత్తి మీద సుంకం వేశారు, సర్‌చార్జితో కలిపి 11 శాతం. రైతును కాపాడటానికే అన్నారు. 2022లో ధర పెరిగి, వరంగల్‌లో క్వింటాలు పది వేలు దాటి, రైతు ముఖాన నాలుగు రోజులు నవ్వు కనపడగానే ఏప్రిల్‌లో ఆ సుంకం ఎత్తేశారు. సరే, ధర బాగా పెరిగింది కనుక ఎత్తేశారనుకుందాం. మరి 2025 ఆగస్టులో? అప్పుడు బజారు ధర మద్దతు ధర కంటే కిందే ఉంది. అయినా 19వ తేదీ నుంచి సుంకం తీసేశారు. మొదట సెప్టెంబర్ 30 వరకే అన్నారు, పదిరోజులు తిరక్కుండానే డిసెంబర్ 31 దాకా పొడిగించారు. అంటే సరిగ్గా దసరాకు మొదలై సంక్రాంతి దాకా మన పత్తి యార్డుకు వచ్చే కాలం! ధర లేస్తే ఎగుమతి గేటు మూత. లేచినా, పడినా దిగుమతి గేటు బార్లా. దీన్ని ‘స్వేచ్ఛా వాణిజ్యం’ అనడానికి నోరెలా వస్తుందో!

ఇది పైపైన చెప్పే మాట కాదు, లెక్క వేసి చూద్దాం. 2025 ఆగస్టులో న్యూయార్క్ ధర పౌనుకు సుమారు 67 సెంట్లు. డాలర్ 87 రూపాయల లెక్కన కిలో దూది 128 రూపాయలు. క్వింటాలు పత్తిలో దూది దిగేది 34 కిలోల దాకా. అంటే దూది విలువ 4,350 రూపాయలు, గింజల డబ్బు వేరే. ఓడ కిరాయి కూడా కలపలేదు, ఇది మోటు లెక్క. ఇప్పుడు 11 శాతం సుంకం అంటే కిలోకు 14 రూపాయలు, క్వింటాలుకు 470 పైచిలుకు. ఎకరాకు ఏడు క్వింటాళ్లు పండించిన వాడికి మూడు వేల మూడు వందలు. కలం ఒక్క గీతతో, పంట ఇంకా కాయ దశలో ఉండగానే, ఆ అడ్డుగోడ పడిపోయింది. బ్రెజిల్, అమెరికా, ఆస్ట్రేలియా దూది మన రేవుల్లో దిగింది.

ఎందుకు తీశారంటే కారణం చెప్పారు. ట్రంప్ ప్రభుత్వం ఆగస్టు 27 నుంచి మన సరుకు మీద 50 శాతం సుంకం వేసింది, తిరుప్పూరు బట్టల పరిశ్రమ దెబ్బతింటుంది, మిల్లులకు పత్తి చౌకగా దొరకాలి అన్నారు. తిరుప్పూరు కార్మికుల ఉద్యోగాలు పోవడం మనకు సంతోషం కాదు. వాళ్లను ఆదుకోవలసిందే. కానీ ఖజానా ఉండగా, వాషింగ్టన్ వేసిన జరిమానా పరకాల రైతు ఎందుకు కట్టాలి?

అమెరికా తన పత్తి రైతులతో ఎలా ఉంటుందో కూడా మనం తెలుసుకోవాలి. అక్కడి సబ్సిడీల వల్ల ప్రపంచ ధర పడిపోతున్నదని బ్రెజిల్ 2002లో ప్రపంచ వాణిజ్య సంస్థలో కేసు వేసి గెలిచింది. అమెరికా ఏం చేసింది? సబ్సిడీలు ఎత్తెయ్యడానికి మారుగా, 2010 నుంచి బ్రెజిల్‌కు ఏటా 14 కోట్ల డాలర్లకు పైగా ఇవ్వడానికి ఒప్పుకుంది. 2014లో మరో 30 కోట్ల డాలర్లు ఇచ్చి రాజీ చేసుకుంది. తన రైతును వదులుకోకుండా ఉండటానికి పరాయి రైతుకు సైతం డబ్బు కట్టింది. మాలీ, బుర్కినా ఫాసో, బెనిన్, చాద్ అనే నాలుగు పేద ఆఫ్రికా దేశాలు ఇదే మొర 2003 నుంచీ పెట్టుకుంటున్నాయి. వాళ్లకు ఆ రాజీ డబ్బు రాలేదు. మన పాలకులు ఆ మొర కూడా గట్టిగా పెట్టలేదు.

పత్తి బయటకు పోవడమే కాదు, విత్తనంలోని గుణం బయటి నుంచి వచ్చింది. 1997–98లో పురుగు పత్తిని ఊడ్చేసి, మందులు పనిచేయక, మందుల దుకాణం వాడి దగ్గరే తెచ్చిన అప్పు మెడకు చుట్టుకుని, ఒక్క వరంగల్ జిల్లాలోనే వందకు పైగా రైతులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ బూడిద మీదనే 2002లో బీటీ పత్తి వచ్చింది. జన్యువు అమెరికా మోన్శాంటోది. 450 గ్రాముల ప్యాకెట్ 1,600 రూపాయల పైన అమ్మితే అందులో సింహభాగం ఆ జన్యువుకు రాయల్టీ. వరంగల్ చేలలో కొన్ని రకాలు విఫలమై, 2005లో ఆనాటి ఆంధ్రప్రదేశ్‌లో మూడు రకాలకు అనుమతి పోయింది. రైతు సంఘాలు లేచాక రాష్ట్ర ప్రభుత్వం గుత్త వ్యాపారాల కమిషన్‌కెక్కి, 2006లో ప్యాకెట్ ధరను 750కి దించింది. దించగలిగారు! ఇది గుర్తు పెట్టుకోవాలి. అంత పెద్ద బహుళజాతి కంపెనీ మెడ వంచడం సాధ్యమేనని మన రాష్ట్రమే చూపించింది.

యార్డులో పత్తి పక్కనే రాశులు పోసే మిర్చి కథ కూడా ఎక్కువ తేడా లేదు. తేజా రకానికి చైనా కొనుగోలే ఆధారం. వాళ్లు తుమ్మితే ఇక్కడ ధర పడుతుంది. 2021లో తోటలను తుడిచిపెట్టిన నల్ల తామర పురుగు కూడా ఆగ్నేయాసియా నుంచి వచ్చిందే. సరిహద్దు దాటడానికి దానికి ఏ సుంకమూ లేదు.

ధర ఆశ చూపి ముంచడం ఇంకో పద్ధతి. 2022లో పది వేలు చూసిన రైతు, ఆ మరుసటి సీజన్‌లో పత్తి అమ్మకుండా ఇంట్లో పోసుకున్నాడు. వంటింట్లో పత్తి, మంచం కింద పత్తి, పిల్లలకు ఒళ్లంతా దురదలు. నెలలు చూశాడు. ధర రాలేదు. చివరికి ఏడు వేలకూ అటూ ఇటూ తెగనమ్ముకున్నాడు. పెద్ద వ్యాపారి వాయిదా బజారులో ముందే అమ్మేసి నష్టం తప్పించుకుంటాడు. చిన్న రైతుకు ఉన్న వాయిదా బజారు మంచం కింది జాగాయే.

ఇక సీసీఐ. 1970లో ప్రభుత్వం పెట్టిన ఈ సంస్థే గొలుసులో రైతుకు మిగిలిన ఒకే ఒక్క పట్టు. 2025–26కు పొడవు పింజకు మద్దతు ధర 8,110. కానీ ఆ ధరకు చేరే దారి చూడండి. ‘కపాస్ కిసాన్’ యాప్‌లో పేరు ఎక్కించాలి, స్లాట్ దొరకాలి, తేమ 12 శాతం మించరాదు. అక్టోబర్ చివర మోంథా తుఫాను వరంగల్‌ను ముంచి పత్తిని చేలోనే తడిపేసింది. యంత్రం పెడితే తేమ ఎక్కడ ఆగుతుంది? పైగా కొనుగోలును ఎకరాకు 12 క్వింటాళ్ల నుంచి 7కు కుదించారు. నవంబర్‌లో జిన్నింగ్ యజమానులు తమ పేచీ మీద కొనుగోళ్లు ఆపితే ఆ రోజుల్లో వాహనాలు గేటు బయటే. తడిసిన పత్తి అంతా ప్రైవేటు కాంటాకే పోయింది.

కౌలు రైతు సంగతి ఇంకా అన్యాయం. పెట్టుబడి అతనిది, చెమట అతనిది, కాగితం పట్టాదారుది. 2018లో వచ్చిన రైతుబంధు నుంచీ ఇదే తంతు. ఊరూరా రైతు సంఘం, వ్యవసాయ కార్మిక సంఘం కార్యకర్తలు విత్తనాలు వేసేనాడే, అంటే జూన్, జూలైలోనే, ఏ సర్వే నంబరులో ఎవరు సాగు చేస్తున్నారో జాబితా రాసి వ్యవసాయ విస్తరణాధికారి చేతిలో పెట్టి రసీదు తీసుకోవాలి. అక్టోబర్‌లో యార్డు గేటు దగ్గర కొట్లాడితే ఆలస్యం. అట్లాగే అక్టోబర్ నుంచి మార్చి దాకా దిగుమతి సుంకం తియ్యరాదన్న డిమాండ్ కూడా పంట చేతికొచ్చాక కాదు, విత్తేటప్పుడే పెట్టాలి.

పత్తి ఏరే అక్కలకు కూలి కిలో లెక్క. ధర పెరిగిన ఏడాది ఈ లెక్క రూపాయో రెండో పెరుగుతుంది, ధర పడిన ఏడాది ముందుగా కోతపడేది ఇక్కడే. తడిసిన చేలో రోజంతా వంగినా ఎన్ని కిలోలు వస్తాయి? రెండో తీత, మూడో తీతకు కాయలే తక్కువ. అలాంటి చేలకు కిలో లెక్క మాని రోజు కూలి అడగాలి. చిన్న రైతు, కూలీ ఒకే బజారులో కూర్చుని ఈ రేటు సీజన్‌కు ముందే మాట్లాడుకుని కాగితం మీద పెట్టుకుంటే, సేటు ఇద్దరినీ విడదీసి కొట్టే సందు తగ్గుతుంది. ఆ మాట తెగకుండా మొదటి తీతకు చేలోకి దిగొద్దు.