ఊరి గ్రంథాలయానికి మన కానుక

చెరలో ఉన్న పౌలు తిమోతికి వ్రాసిన రెండవ పత్రిక చివరి అధ్యాయములో ఒక చిన్న కోరిక ఉంది. త్రోయలో కర్పు దగ్గర విడిచి వచ్చిన అంగీని, పుస్తకాలను తీసుకొని రమ్మంటాడు. చలికాలము రాబోతున్నది. తన మరణము కూడా దగ్గరపడిందని ఆయనకు తెలుసు. అయినా పుస్తకాలు కావాలి!

ప్రియ పాఠకులారా, పుస్తకము చేతిలో ఉన్నా తెరచి చదువుకోలేని తల్లులు మన సంఘాలలో ఇంకా ఎందరో ఉన్నారు. 2011 జనాభా లెక్కల ప్రకారం అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అక్షరాస్యులు 67 శాతము, స్త్రీలలో అయితే 59 శాతమే. ఈ తల్లులు కీర్తనలు ఎన్నైనా కంఠతా పాడుతారు. సంఖ్య చెబితే మాత్రం పక్కనున్న పిల్లవాడు పేజీ తీసి ఇవ్వాలి. వీరికి అక్షరాలు ఎక్కడ దొరుకుతాయి? బడి వయస్సు ఏనాడో దాటిపోయింది. ఊరిలో మిగిలిన చోటు గ్రంథాలయమే.

మన తెలుగునాట గ్రంథాలయాలు సర్కారు పెట్టగా పుట్టినవి కావు. 1914లో బెజవాడలో మొదటి ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగేనాటికే ఊళ్ళలో చందాలతో, దానాలతో పఠనమందిరాలు లేచాయి. చేనేత ఊరైన వేటపాలెంలో 1918లో ఊటుకూరి వెంకట సుబ్బరాయ శ్రేష్ఠి స్థాపించిన సారస్వత నికేతనం దాతల చేయూతతోనే పెరిగింది. 1929లో గాంధీగారు అక్కడ కొత్త భవనానికి పునాదిరాయి వేశారు. పాత పత్రికలను వెదుక్కుంటూ పరిశోధకులు నేటికీ అక్కడికి వెళ్తుంటారు. 1935లో పాతూరి నాగభూషణం గారు ఇంకో అడుగు వేశారు. పెదవడ్లపూడి నుండి కొల్లూరు దాకా కాలువ మీద పడవలో పుస్తకాలు పంపించారు! గ్రంథాలయానికి రాలేనివారి దగ్గరకు గ్రంథాలయమే వెళ్ళింది. ఈ పని మన సువార్తికులకు కొత్తగా అనిపించదు.

"ఇప్పుడు పన్ను కడుతున్నాము గదా, కానుక ఎందుకు?" అని కొందరు అడుగుతారు. నిజమే, ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను ఉంది. కాని ఇంటిపన్నే స్వల్పమైన పల్లెలో ఆ పైసలు ఎంతవుతాయి? వసూలైనది కూడా పంచాయతీల నుండి జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరక బకాయి పడుతున్న చోట్లున్నాయి. అందుచేత తలుపు తెరచే ఉంటుంది, కొత్త పుస్తకము ఉండదు. సాయంకాలము పాఠము చెప్పే మనిషీ ఉండడు.

అయితే ఏ కానుక పనికి వస్తుందో కూడా ఆలోచించాలి. అమెరికా ధనవంతుడు ఆండ్రూ కార్నెగీ తన సొమ్ముతో 2,500కు పైగా గ్రంథాలయ భవనాలు కట్టించాడు. ఆయన సాధారణంగా పెట్టిన షరతు ఏమంటే, స్థలము ఊరివారు ఇవ్వాలి, ఇచ్చిన సొమ్ములో పదో వంతు ఏటేటా నిర్వహణకు ఖర్చుపెడతామని మాట ఇవ్వాలి. మన దాతలకు బీరువా మీద పేరు వ్రాయించుకొనే ఆశ ఎక్కువ. ఆ బీరువాలోకి మరుసటి ఏడు పుస్తకాలు ఎవరు కొంటారో అడిగేవారు తక్కువ.

"సంఘపు సొమ్ము బయటికెందుకు?" అనే ప్రశ్న ఇంకా బరువైనది. దీనికి మా జవాబు ఇది. 1780లో ఇంగ్లండులోని గ్లాస్టరులో రాబర్ట్ రైక్స్ సండేస్కూలు మొదలుపెట్టినప్పుడు, వారమంతా పనిచేసే పేద పిల్లలకు అక్కడ మొదట నేర్పినది చదువే. ఆ పిల్లలు ఏ సంఘపు పిల్లలని ఆయన లెక్క చూడలేదు. అక్షరము వచ్చిన స్త్రీ ఏమి చేయగలదో నెల్లూరు జిల్లా దూబగుంట చూపించింది. 1990 తరువాత అక్షరాస్యతా ఉద్యమములో రాత్రిపూట చదువుకున్న అక్కడి స్త్రీలు తమ ఊరి సారా దుకాణము మూయించారు. ఆ పోరాటము జిల్లాలు దాటి పాకి, 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రములో సారా నిషేధము వచ్చింది. తాగుబోతు భర్తల కొరకు కన్నీటితో ప్రార్థించే మన స్త్రీల సమాజాలకు ఇది చిన్న సంగతి కాదు.

పెద్ద మొత్తాలే అవసరము లేదు. ఒక దినపత్రికకు ఏడాది చందా, సాయంకాలపు తరగతికి పలకలు, పెద్ద అక్షరాల పుస్తకాలు, కరెంటు పోతే వెలిగే దీపము చాలు. చదువుకున్న యౌవనస్థులు వారానికి రెండు సాయంత్రాలు ఇస్తే అది ఇంకా మంచి కానుక. మరొక మాట. నలభై దాటిన తల్లులు కొందరు "నాకు బుర్ర లేదయ్యా" అని తరగతి మానేస్తారు. బుర్రకు ఏమీ కాలేదు, చత్వారము వచ్చింది. పలకలు కొనేముందు వారికి కండ్ల పరీక్ష చేయించి, అద్దాలు కొనిపెట్టండి.