మాస్టారి మోటారుసైకిలు

తెలుగు పాఠాలు చెప్పుకొని బతికేవాడికి యంత్రాలతో పరిచయం పుష్పక విమానంతో ఆగిపోతుంది. అటువంటి నేను నలభై నాలుగో యేట మోటారుసైకిలు కొనవలసి వచ్చింది. ఈ వయసులో యెందుకయ్యా అంటారా? మా కాపురం తెనాలి, ఉద్యోగం గుంటూరు. మధ్య దూరం పాతిక కిలోమీటర్ల చిల్లర. కాని బస్సు కోసం నిలబడటం, దిగి మళ్ళీ ఆటో ఎక్కటం, అన్నీ కలిపి రోజుకు గంటన్నర అదనంగా రోడ్డుపాలయ్యేది. అప్పుడు మా అమ్మాయి పదో తరగతి. సందేహాలు పోగుచేసుకొని కూర్చునేది; నేను యిల్లు చేరేసరికి దానికి నిద్ర ముంచుకొచ్చేది. ఆ గంటన్నర తిరిగి సంపాదించుకోవాలనే యీ ప్రయత్నమంతా.

సంగతి తెలియగానే సలహాలకు కొదవ లేకపోయింది. "కొంటే బుల్లెట్టే కొనాలండీ!" అన్నారు ఫిజిక్సు లెక్చరరుగారు. "మైలేజీ చూడండి మాస్టారూ, తక్కినదంతా హంగే" అన్నాడు క్యాంటీను కుర్రాడు. నా శిష్యుడొకడు గుర్రంలా ముందుకు ఒంగిన బండి బొమ్మ ఫోనులో చూపించి, "ఇది మీకు బావుంటుంది సార్" అన్నాడు. వాడికి మార్కులు కావాలి కాబోలు!

నేను మొదట చూసింది బరువు. కొత్తవాడు తడబడేది బండి ఆపేటప్పుడు, వెనక్కు తిప్పేటప్పుడూను. బుల్లెట్ 350 బరువు 190 కిలోలు దాటుతుంది. స్ప్లెండర్, షైన్ వంటివి 110, 115 కిలోల ప్రాంతంలో వుంటాయి. సీటు మీద కూర్చుంటే రెండు పాదాలూ నేలకు ఆనాలి. ఆనకపోతే అది ఎంత ముచ్చటైన బండైనా మనది కాదు.

తరువాత ఇంజను. ఊళ్ళో తిరగటానికి 100 సి.సి. చాలును. రోజూ యాభై కిలోమీటర్లు, లారీలను దాటుకొంటూ పోవాలంటే 125 సి.సి. మేలు. చిన్న ఇంజను ఆయాసపడే వేగంలో యిది నిమ్మళంగా పోతుంది. చేతులకు తిమ్మిరి తగ్గుతుంది. ఇంకా పెద్దదైతే యింకా మంచిదే గదా? లెక్క వేయండి. నెలకు పాతిక పనిదినాలు, 1250 కిలోమీటర్లు. లీటరుకు 60 కిలోమీటర్లు యిచ్చే బండికి సుమారు 21 లీటర్లు పడుతుంది. 35 యిచ్చేదానికి 36 లీటర్లు. నెలనెలా పదిహేను లీటర్ల తేడా జీతగాడికి చిన్న సంగతి కాదు.

షోరూముకు మా ఆవిడ కూడా వచ్చింది. ఆవిడకు యీ కొనుగోలు బొత్తిగా యిష్టం లేదు. అక్కడి కుర్రాడు బండి వేగం గురించీ, మైలేజీ గురించీ అరగంట చెప్పాడు. అంతా విని, "అన్నీ బాగానే వున్నాయి బాబూ, ఇది ఆగటం ఎలా ఆగుతుంది?" అన్నది. సలహాదారుల్లో ఒక్కరికీ తట్టని ప్రశ్న!

2019 ఏప్రిల్ నుంచి 125 సి.సి. దాటిన బండ్లకు ఎ.బి.ఎస్. తప్పనిసరి అయింది. గట్టిగా బ్రేకు పట్టినా చక్రం బిగుసుకొని జారకుండా చూసే ఏర్పాటది. అంతకు లోపు వాటికి కనీసం సి.బి.ఎస్. వుండాలన్నారు, అంటే ఒక బ్రేకు నొక్కితే రెండు చక్రాలకూ పట్టు అందుతుందన్నమాట. కోతల రోజుల్లో మా రోడ్ల మీద ధాన్యం ఆరబోస్తారు, గడ్డి పడి వుంటుంది. తెల్లవారుజాము మంచుకు తడిసిందా, నూనె పోసినట్టే. అందుచేత ముందు చక్రానికి డిస్కు బ్రేకు, ట్యూబులెస్ టైర్లు వున్న 125 సి.సి. బండి తీసుకొన్నాం.

లెర్నర్స్ లైసెన్సు వచ్చిన ముప్ఫై రోజులకు గాని అసలు పరీక్ష పెట్టరు. ఆ నెల వృథా అనుకోకండి. నేను ముందు మా పేట మైదానంలో, మొదటి గేరులో, నడిచే మనిషి వేగంతో మలుపులు తిప్పటం నేర్చుకొన్నాను. తరువాత రద్దీలేని పల్లె రోడ్లు. గుంటూరు అన్నిటికన్నా చివర. ఐ.ఎస్.ఐ. గుర్తున్న హెల్మెట్టు పెట్టుకొని గడ్డం కింద పట్టీ బిగించటం, వారానికొకసారి టైర్లలో గాలి, అయిదారు వందల కిలోమీటర్లకు చైనుకు నూనె చూసుకోవటం అలవాటు చేసుకొన్నాను.

మొదటి బండి కొనబోయేవారికి నా మాట ఒక్కటే. షోరూముకు అమ్మనో, ఆలినో వెంటబెట్టుకొని వెళ్ళండి. బండి ఎంత వేగం పోతుందని అడిగేవాళ్ళు దారిపొడుగునా దొరుకుతారు. ఎలా ఆగుతుందని అడిగేది, యింటి దగ్గర ఎదురుచూసేవాళ్ళే.