పాతబండి ముందుదీపములు

హైదరాబాదునుండి ఓరుగల్లునకు పోవు 163వ సంఖ్య జాతీయ రహదారి జనగామను ఒరసికొని పోవుచున్నది. పరకాలమీదుగా భూపాలపల్లికిని, ఆవల కాళేశ్వరమునకును పోవు 353 సి రహదారిపై బొగ్గులారీలు పగలనక రాత్రియనక తిరుగుచుండును. మహబూబాబాదునుండి గూడూరుమీదుగా నర్సంపేటకు పోవు బాట వరిపొలములను, అడవులను దాటుకొని పోవును. ఈ మూడు దారులకును ఒక పోలిక కలదు. ఊరు దాటిన పిమ్మట వీధిదీపములు అరుదు. అచ్చట నడచు బండికి తన ముందుదీపములే కన్నులు.

మోటారుబండ్ల మరమ్మతు మగవారి గొడవ యని సోదరీమణులు ఈ పుటను త్రిప్పివేయకుందురుగాక. పిల్లలను కారులో బడికి దింపి వచ్చు తల్లులు నేడు మన చిన్నపట్టణములలోను పెక్కుమంది కలరు. బండి నడుపనివారును అందులో కూర్చుండి పెండ్లిండ్లకు, మేడారము జాతరకు పోవుచునే యున్నారు. బొగ్గుగనిలోనో, చెల్పూరు విద్యుత్కేంద్రములోనో పని ముగించికొని నడిరాత్రి యిల్లు చేరవలసిన మగనికొఱకు వాకిట నిలుచు ఇల్లాలికి ఆ దీపముల సంగతి పరాయిది కాదు.

పాత దీపముల పేచీ అందఱికంటె నెక్కువగా ఎఱిగినవారు పడమటిదేశములలోని పాత స్పోర్ట్సుకార్ల యజమానులు. అమెరికాలో 1936వ సంవత్సరపు నమూనాగా వెలువడిన కార్డ్ 810 అను కారునందు ముందుదీపములు బండిదేహములో దాగియుండెడివి. కావలసినపుడు లోపలినుండి చేతితో పిడి త్రిప్పి వానిని బయటికి తీయవలెను. ఆ సొగసు చూచి పిదప పలువురు తయారీదారులు తమ స్పోర్ట్సుకార్లకు ఇట్టి దాగుడుదీపములనే పెట్టిరి. 1968 నాటి షెవ్రొలే కార్వెట్టునందు వీనిని గాలి పీల్చివేయు శూన్యపు ఒత్తిడితో లేపుచుండిరి. 1989లో వచ్చిన మాజ్డా ఎం.ఎక్స్.-5 నందు చిన్న విద్యుత్ మోటార్లు ఆ పని చేయును. బండి క్రొత్తదైనన్నాళ్లు ఇది వేడుకయే. ఏండ్లు గడచినకొలది రబ్బరు గొట్టములు పగులును, మోటారు పండ్లచక్రములు అరుగును. అప్పుడు ఒక దీపము లేచి, రెండవది లేవక, బండి కన్ను గీటుచున్నట్లు కనబడును. చూచువారు నవ్వుదురు, నడుపువానికి దారి సగము మాయమగును. మాజ్డావారు దీనిని ముందే తలచి, మోటారు చచ్చినను చేతితో త్రిప్పి దీపమును లేపుటకొక బొత్తామును బానెట్టు క్రింద అమర్చిరి. 2004 తరువాత పెద్ద తయారీదారు లెవ్వరును ఇట్టి దీపములు గల క్రొత్త కార్లను చేయుట మానిరి.

సెలవుదినములలో హైదరాబాదునుండి రామప్పకును లక్నవరమునకును పోవు బండ్లలో అట్టి పాతకారు ఎప్పుడైన నొకటి కనబడునేమో! మన యిండ్లముందర నిలుచునవి మారుతి 800లును, అంబాసిడర్లును, ఈ ముప్పదియేండ్లలో కొన్న మఱికొన్ని చిన్నకార్లును. అంబాసిడరు, మారుతి 800 ఈ రెంటి తయారీయు 2014లోనే నిలిచినది గనుక ఉన్నవన్నియు పాతవే. వీని దీపములు కదలవు గనుక చెడవని తలచుట పొరపాటు. నా మట్టుకు, లేవని దీపమే మేలందును. దాని చెడుగు పదిమందికి కనబడును. కదలని దీపము నెలకొక రవ్వ చొప్పున మసకబారును. నడుపువాని కన్ను ఆ మసకకు దినదినము అలవాటుపడుచు, ఐదేండ్లనాటి వెలుగును మఱచిపోవును.

ఈ మసక యెట్లు వచ్చును? విద్యుత్తు బ్యాటరీనుండి వెడలి, ఫ్యూజును, స్విచ్చిని, తీగల అతుకులను దాటి దీపమును చేరి, తిరిగి బండి యినుపదేహముగుండా బ్యాటరీకి రావలెను. ఆ యినుమునకు తీగను బిగించిన చీలచుట్టును ఏండ్లతరబడి వానతడి తగిలి తుప్పుపట్టును. ఎర్తు పోయినదని మెకానిక్కులు చెప్పునది దీనినే. స్విచ్చిలోపలి రాగిరేకులును కాలి నల్లబడును. అడుగడుగున కొంత వోల్టేజి హరించిపోవును. ఇందలి చిక్కేమనగా, వోల్టేజి నూటికి పదిపాళ్లు తగ్గినచో దీపపు వెలుగు పదిపాళ్లు మాత్రమే తగ్గదు. సుమారు ముప్పదిపాళ్లు తగ్గును. బల్బు బాగున్నది, బ్యాటరీ క్రొత్తది, అయినను వెలుగు ఎఱ్ఱగా నీరసముగా నున్నదన్నచో దోషము ఈ దారిలోనే యని గ్రహింపవచ్చును. దీపములకు రిలేయను చిన్న పరికరమును పెట్టించి, మంచి తీగతో బ్యాటరీనుండి నేరుగా విద్యుత్తు అందునట్లు చేసినచో పాతబండికి క్రొత్తచూపు వచ్చును.

రెండవ దోషము అద్దమునది. అంబాసిడరువంటి బండ్లకు గాజు అద్దము లుండెడివి. గాజు పసుపెక్కదుగాని, లోపలి వెండిపూత తడికి నల్లబడును. తరువాతి కార్లకు వచ్చిన ప్లాస్టిక్కు అద్దములు ఎండకు పసుపెక్కి, పాలపొర క్రమ్మినట్లగును. మన వేసవి యెండ సంగతి చెప్పనేల! అమెరికాలోని మోటారు సంఘమువారు 2018లో పరీక్షించి, అట్లు మసకబారిన దీపములు క్రొత్తవాని వెలుగులో అయిదవవంతు మాత్రమే యిచ్చుచున్నవని తేల్చిరి. మన పెద్దవారు దీపము పెట్టు వేళకు ముందే కందిలి గాజును బూడిదతో తుడిచి మెఱయించుచుండిరి. లక్షలు పోసి కొన్న కారు అద్దమునకు ఆపాటి సేవ జరుగుట లేదు. టూత్‌పేస్టుతో రుద్దిన మెఱయు ననుమాట నిజమే. అయితే ఎండకు అడ్డుపడు పైపూత పోయిన ప్లాస్టిక్కు కొద్దినెలలలో మరల పసుపెక్కును. నీటితో నున్నని గరుకుకాగితము పట్టించి, మెఱుగుపెట్టించి, పైపూత వేయించినదే నిలుచును.

ఇంత పట్టింపెందు కందురేమో, చిన్న లెక్క చూడుడు. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు బండి సెకనుకు 17 మీటర్లు నడచును. ఎదుట నేదో యున్నదని కన్ను గ్రహించి కాలు బ్రేకుపై పడునప్పటికి సెకనున్నర పట్టును. అనగా 25 మీటర్లు గడచిపోవును. బ్రేకు పట్టి బండి ఆగుటకు మఱి 20 మీటర్లు కావలెను. మొత్తము 45 మీటర్లు. మంచి దీపమైనను క్రిందికి వంచినపుడు తేటగా చూపుదూరము ఇంచుమించు అంతే. దానిలో సగము పోయినచో, కనబడిన పిదప ఆగుట కల్ల. వరికోతల కాలమున మన రోడ్లమీద రైతులు వడ్లారబోసి, చుట్టును రాళ్లు పేర్చి, రాత్రి నల్లని పరదాలు కప్పిపోవుదురు. వెనుక ఎఱ్ఱదీపము లేని ట్రాక్టరు ట్రాలీ యుండును. నల్లని బఱ్ఱె రోడ్డు నడుమ నిలిచియుండును. రైతును నిందించుట తేలిక. కల్లము లేనివాడు ఎచ్చట ఆరబోయును? నడుపువాడైన నంతదూరమునుండి చూడగలుగవలెను.

కంటి సంగతియు నున్నది. ఇరువదియేండ్లవాని కంటిలోనికి పోవు వెలుగులో మూడవవంతే అఱువదియేండ్లవాని కంటిలోనికి పోవునని వైద్యులు చెప్పుదురు. శుక్లము మొదలైనచో ఎదుటిబండి వెలుగు సూదులవలె గ్రుచ్చుకొనును. పాతబండియు, పెద్దవయసును ఒకచోట చేరిన యింట ఏటేట కంటిపరీక్ష చేయించుట దీపపుపరీక్షతోపాటే జరుగవలెను.

ఈ దీపపుపరీక్షకు మెకానిక్కు అక్కఱలేదు. చీకటిపడిన పిదప సమతలమైన చోట బండిని గోడకెదురుగా 25 అడుగుల దూరమున నిలిపి, దీపములను వంచి వెలిగింపుడు. రెండువెలుగులును ఒకే తెలుపుతో నుండవలెను. వెలుగుపై అంచు దీపముల నడిమి యెత్తునకు సమముగానో, కొంచెము దిగువగానో యుండవలెను. మనము ఎడమప్రక్క నడచువారము గనుక ఎడమవైపున గీత కొంత పైకి లేచుట తప్పుకాదు. ఆ గీతను గోడపై సుద్దతో గుర్తించి, ఆరునెలల కొకసారి సరిచూచుకొనవచ్చును. సెల్‌ఫోనుతో ఫోటో తీసికొన్నను చాలును. సొంతకారు రిజిస్ట్రేషను 15 ఏండ్లకు ముగిసి, తనిఖీ పిదప అయిదేసి యేండ్లకు పొడిగింపబడును. ఆ నడుమ వచ్చు మసకను ఏ అధికారియు చూడడు.

అంగళ్లలో దొరకు రెండు సులభోపాయములు నాకు నచ్చవు. ఒకటి, 60 వాట్లకై అల్లిన పాతతీగలకు 100 వాట్ల బల్బు తగిలించుట. తీగ వేడెక్కి కరగును. రెండవది, హాలోజెన్ బల్బునకై చేసిన గిన్నెలో చౌక ఎల్.ఇ.డి. బల్బు నిరికించుట, వెలుగు చెదరి ఎదుటివాని కన్నులలో పడును. మన ముందు వెలుగు పెరిగినదని మురియునంతలో ఎదుటినుండి వచ్చు మోటారుసైకిలువాడు గుడ్డివాడగును.

దారిలో దీపములు హఠాత్తుగా ఆరిపోయినచో గట్టిగా బ్రేకు నొక్కరాదు, వెనుకవాడు గ్రుద్దును. స్టీరింగు కదల్పక వేగము తగ్గించి, దీపమును పైకి మార్చి చూడవలెను. పెక్కుబల్బులలో పైవెలుగునకు వేఱు తంతువు కలదు. ఎదుటివారికి సైగచేయు మీటను లాగి పట్టినను పలుబండ్లలో వెలుగు వచ్చును. నాలుగు సూచకదీపములను మిణుకుమిణుకు మనిపించుచు ఎడమకు దిగి, రోడ్డు విడిచి నిలుపవలెను. ఫ్యూజు కాలినచో అంతే ఆంపియర్ల క్రొత్తది వేయవలెనుగాని, తీగముక్కయు సిగరెట్టుపెట్టె తగరమును చుట్టరాదు. బాగుచేయువఱకు పిల్లలను, పెద్దలను బండిలో నుంచక దింపి, రోడ్డునకు దూరముగా గట్టుమీద నిలుపుడు. చేతిటార్చిని వెనుకనుండి వచ్చు బండ్లవైపు నేలబారుగా చూపవలెను, నడుపువాని మొగముమీదికి కాదు.