గో ఆటలో చావు బతుకుల లెక్కలు



సాయంత్రం పూట వరండాలో సుద్దముక్కతో గీతలు గీసి, చింతపిక్కలు, తెల్ల గులకరాళ్లు పెట్టి మేం కొందరం ఆడే ఆటను మీరు చూసే ఉంటారు. "ఏంట్రా అది, పులి-మేకనా?" అని చాలామంది అడుగుతున్నారు. దాని పేరు గో. ఆ ఆట ఏమిటో, అందులో మెరుగుపడడానికి ఎలాంటి లెక్కలు చేస్తారో ఈ వ్యాసంలో చెబుతాను.

గో చైనాలో పుట్టింది. రెండు వేల ఏళ్లకు పైబడిన ఆట. చైనావారు వైచీ అంటారు, కొరియావారు బదుక్ అంటారు, జపాన్‌వారు ఇగో అంటారు. పెద్ద బోర్డు మీద అడ్డంగా 19, నిలువుగా 19 గీతలుంటాయి. అవి కలిసే చోట్లు మొత్తం 361. రాయిని గడి మధ్యలో పెట్టరు, గీతలు కలిసే చోట పెడతారు. ఒకరివి నల్లరాళ్లు, ఇంకొకరివి తెల్లరాళ్లు. ఒకసారి పెట్టిన రాయిని జరపకూడదు. చివరికి ఎవరు ఎక్కువ చోటు చుట్టుకుంటే వాళ్లే గెలిచినట్టు. కొత్తవాళ్లకు 9 గీతల బోర్డు చాలు. మనం వరండాలో గీసేది అదే.

పులి-మేకలో పులికి ఎటూ దారి లేకుండా కట్టేస్తాం కదా! ఇక్కడా అలాంటిదే. రాయిని ఆనుకుని గీత వెంట ఉన్న ఖాళీలు దానికి ఊపిరి అనుకోండి. అన్నీ మూసేస్తే ఆ రాయి చచ్చినట్టే, తీసేస్తారు. గీత వెంట ఆనుకుని ఉన్న ఒకే రంగు రాళ్లన్నీ ఒక గుంపు. బతికితే అన్నీ బతుకుతాయి, చస్తే అన్నీ చస్తాయి.

మరి గుంపు ఎప్పటికీ చావకుండా ఉండాలంటే? దాని లోపల వేరువేరుగా రెండు ఖాళీలు ఉండాలి. వాటిని కళ్లు అంటారు. ఒక్క కన్నే ఉంటే ఎదుటివాడు బయటంతా మూసేసి, చివరికి ఆ కంట్లో రాయి పెట్టి గుంపునంతా లేపేస్తాడు. రెండు కళ్లుంటే ఒకేసారి రెండింట్లో పెట్టలేడు కనుక గుంపు బతుకుతుంది. ఆటంతా దీని మీదే నిలబడి ఉంది.

ఇక లెక్కలు చూద్దాం. మన నల్లగుంపును బయట తెల్లవాళ్లు పూర్తిగా చుట్టేశారు అనుకోండి. లోపల వరసగా మూడు ఖాళీలున్నాయి. మన ఎత్తు అయితే నడిమి ఖాళీలో పెడితే చాలు, అటొక కన్ను ఇటొక కన్ను వస్తాయి, బతికిపోతాం. తెల్లవాళ్ల ఎత్తు అయితే వాళ్లు అదే నడిమి చోట పెడతారు, మనం చచ్చినట్టే. వరసగా నాలుగు ఖాళీలుంటే ఆ భయం లేదు. వాళ్లు నడిమి రెండింట్లో ఒకదాంట్లో పెడితే మనం రెండోదాంట్లో పెడతాం. అవే నాలుగు ఖాళీలు చదరంగా ఉంటే మాత్రం మనం ముందు పెట్టినా చావే. మనం ఒకటి పెట్టగానే మూల తిరిగిన మూడు ఖాళీలు మిగులుతాయి, ఆ మలుపులో వాళ్లు పెట్టేస్తారు. ఖాళీలు నాలుగే, ఆకారం మారితే బతుకు మారిపోయింది!

ఇలాంటి లెక్కలను జపాన్‌వారు త్సుమెగో అంటారు. వీటి పుస్తకాలు వందల ఏళ్లుగా ఉన్నాయి. చైనాలో 14వ శతాబ్దంలోనే షువాన్‌షువాన్ చీజింగ్ అనే పుస్తకం వచ్చింది. జపాన్‌లో హయాషి గెంబీ అనే ఆయన 1812లో గోక్యో షుమ్యో అనే పుస్తకం వేశాడు. అందులో 520 లెక్కలున్నాయి. బతికేవి ఒక చోట, చంపేవి ఒక చోట అన్నట్టు రకాల వారీగా పెట్టాడు. దానికి ముందే 1713లో ఇనోవే ఇంటి పెద్ద ఒకాయన 183 లెక్కలతో ఇగో హత్సుయోరోన్ రాశాడు. అది ఎంత కష్టమంటే నేటికీ ఆటే వృత్తిగా ఉన్నవాళ్లు దానితో కుస్తీ పడుతుంటారు.

కొత్తవాడి చేతికి ఆ పుస్తకం ఇస్తే ఏమవుతుంది? "ఇది మన బుర్రకు ఎక్కదు" అని మూసేస్తాడు. అందుకే మెట్ల ప్రకారం అమర్చిన పుస్తకాలు వచ్చాయి. గోలో నేర్చుకునేవాళ్ల అంతస్తును క్యూ అంటారు. కొత్తవాడు 30 క్యూ దగ్గర మొదలుపెట్టి 1 క్యూ దాకా దిగుతాడు. తర్వాత 1 దాన్ నుంచి పైకి ఎక్కుతాడు. యోషినోరి కానో అనే జపాన్ ఆటగాడు మొదలుపెట్టేవాళ్ల కోసం నాలుగు భాగాల పుస్తకం రాశాడు. మొదటి భాగం 30 నుంచి 25 క్యూ వాళ్లకు, రెండోది 25 నుంచి 20 వాళ్లకు. ఇలా ఒక భాగం పూర్తిచేస్తే ఇంకో భాగం అందుతుంది.

మా గుంపు పాటించే పద్ధతి ఇది. ఒకటి, బోర్డు మీద రాయి పెట్టకుండా కళ్లతోనే చివరిదాకా చూడాలి. రెండు, ఎదుటివాడు మనకిష్టమైన చోట పెడతాడని అనుకోకూడదు, మనకు నష్టమైన చోటే పెడతాడనుకోవాలి. మూడు, జవాబు చూసేముందు మన జవాబును కారణంతో సహా పక్కవాడికి చెప్పాలి. నాలుగు, తేలిక లెక్కలను మళ్లీ మళ్లీ చెయ్యాలి, చూడగానే తట్టేదాకా. గైడు చూసి ఎక్కించిన లెక్క పరీక్షలో అంకె మారగానే ఎలా జారిపోతుందో మనకు తెలుసు. గోలో కూడా అంతే, గుంపు ఒక గీత పక్కకు జరిగితే బట్టీ పట్టినవాడు తెల్లమొహం వేస్తాడు.

ఇంకో మాట. మనలో కొందరం ఇంట్లో కోయ, కొందరం కువి మాట్లాడి వచ్చాం. 5వ తరగతి పిల్లలు ఎందరో తెలుగులో ఇచ్చిన లెక్క అర్థం కాక మొద్దులనిపించుకుంటున్నారు. గో లెక్కలో మాటలే ఉండవు. బొమ్మ ఉంటుంది, ఎవరి ఎత్తో తెలిస్తే చాలు. భాష అడ్డురాని చోట ఆ పిల్లలు ఎంత చురుకో వరండాకు వస్తే మీరే చూస్తారు. కానీ వాళ్లు కూడా మొదటిరోజే పెద్దవాళ్లతో ఆడి ఓడిపోతే మర్నాడు రారు. కాబట్టి వాళ్లకు ముందు ఒక్క రాయిని పట్టే లెక్కలు, తర్వాత రెండు కళ్ల లెక్కలు ఇద్దాం. ఏ మెట్టు మీద ఉన్నాడో చూడాలి గానీ మొద్దు అనే మాట వద్దు.

వార్డెన్ గారికి మా మనవి: ఆదివారం ఒక గంట సమయం, స్టడీ హాల్లో నల్లబల్ల ఒక పక్క ఇప్పించగలరు. వారానికి మూడు లెక్కలు మేమే గీస్తాం.

మొదటి లెక్క ఇదిగో: నడుమ ఒక ఖాళీ, దాన్ని ఆనుకుని మూడు వైపులా మూడు ఖాళీలు, నాలుగో వైపు మన నల్లరాయి. బయట అంతా తెల్లవాళ్లు మూసేశారు. మన ఎత్తు అయితే ఏమవుతుంది? వాళ్ల ఎత్తు అయితే ఏమవుతుంది? జవాబు, కారణం చీటీ మీద రాసి క్లాస్ లీడర్‌కు ఇవ్వండి. సరైన జవాబు వచ్చే సంచికలో.

– 9వ తరగతి విద్యార్థి